నా మాట ఎట్ల తప్పయింది

పదమూడేళ్ల పిల్ల ఒకతి నన్నొక ప్రశ్న అడిగింది. నలుగురిలో అడిగింది, అదీ మనసులో ఉన్నది అడగమని నేనే కూర్చోబెట్టిన చోట. జవాబు తెలిసి కూడా చెప్పలేదు నేను. చెప్పేసరికి పదేళ్లు దాటాయి. ఆ పదేళ్లూ ఆ పిల్ల గొంతు కోసం నేను పడిన ఆరాటం మా చెల్లెలి ఇంట్లో చెబితే, రిటైరైన టీచర్లందరికీ ఈ జబ్బు ఉంటుందిలే అన్నారు. ఉంటే ఉండనీ.

నేను తెలుగు టీచర్ని. హైదరాబాదులో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక చిన్న బడి, అందులో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్ని. మాది అనంతపురం జిల్లా. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. క్యాంపస్ క్వార్టర్స్‌లోనే పెరిగాను, అక్కడే చదువుకున్నాను, అక్కడే ఉద్యోగం. నాన్న పోయాక అమ్మా నేనూ తార్నాకలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం. బడికి నడిచే వెళ్లేదాన్ని.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది అమ్మ నుంచి వచ్చిన ఆస్తి. పిల్లలు చాటుగా నన్ను మిరపకాయ బజ్జీ అనేవాళ్లు. తెలిసినా తెలియనట్టే ఉండేదాన్ని. బజ్జీని తిట్టుకుంటూనే ఇంకొకటి తీసుకుంటారు గదా, అదొక తృప్తి నాకు.

ఆ పిల్ల ఆరో తరగతిలో మా బడికి వచ్చింది. నల్లగొండ వైపు పల్లె. తండ్రి లేడు. తల్లి క్యాంపస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేసేది. ఇద్దరూ అడిక్‌మెట్‌లో ఒక గదిలో ఉండేవాళ్లు. పొద్దున్నే నేను హాజరుపట్టీ పట్టుకుని వరండాలో నడుస్తుంటే వెనకాలే ఉరికి వచ్చేది. "టీచర్, ఇయ్యాల ఏమయ్యిందో ఎరుకేనా?" అని మొదలుపెడితే క్లాసు గుమ్మం దాకా ఆపేది కాదు. మెస్సులో పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకున్న సంగతి, ఇంటి ఓనరమ్మ నల్లా బంద్ చేస్తే వాళ్లమ్మ చేసిన లడాయి సంగతి, అన్నీ నాకు చేరేవి. పాఠం చదవమంటే ఎంత కొరుకుడు పడని పద్యమైనా ఆ నోట పక్కింటి ముచ్చటలా వినిపించేది. పైకి "చాలు చాలు, పద" అని కసిరేదాన్ని. అది వినకపోతే మాత్రం నాకు పొద్దు మొదలైనట్టే ఉండేది కాదు.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు వాన గురించి సొంతంగా రాయమన్నాను. అందరూ గైడులో ఉన్నట్టు రాశారు. చినుకులు, మట్టివాసన, రైతు ఆనందం. ఈ పిల్ల మాత్రం తన గదిలో కురిసిన వాన రాసింది. "వాన దంచి కొడుతున్నది. అమ్మ గాడ మెస్సుల ఉన్నది. నేను గీడ ఒక్కదాన్నే ఉన్న. ఇంట్ల ఉన్న గిన్నెలన్ని కారే కాడ వెట్టిన. ఇంగ అన్నం వండుటానికి గిన్నె లేదు." అలా సాగింది. ఆ రోజు నాకు కనిపించినవి తప్పులు. గీడ దగ్గర ఒక ఎర్ర సున్నా, గాడ దగ్గర ఒకటి, వెట్టిన దగ్గర ఒకటి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "పరీక్షలో ఇలా రాస్తే ఏమవుతుందో చూడండి" అంటూ క్లాసులో పైకి చదివాను. గీడ, గాడ అన్నచోట గొంతు సాగదీసి మరీ చదివాను. క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ కొట్టిందీ నేనే, నవ్విందీ నేనే. ఆ పిల్ల ఏడవలేదు. వచ్చి నోట్‌బుక్ తీసుకుని కూర్చుంది. మర్నాడు వరండాలో నా వెనక ఎవరూ రాలేదు. చదవమంటే లేచి నిలబడేది, తల దించుకునేది, కూర్చోమనేదాకా అలాగే ఉండేది. మిగతా క్లాసుల్లో మాట్లాడుతోందని, ఆటల్లో అరుస్తోందని మిగతా టీచర్లు చెప్పారు. మౌనం నాకొక్కదానికే. పొగరు అనుకున్నాను. ఎన్నాళ్లుంటుందో చూస్తాను అని పంతం కూడా పట్టాను, పదమూడేళ్ల పిల్లతో.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్ రోడ్ల మీద ముళ్లకంచెలు, గేట్ల దగ్గర పోలీసు బండ్లు. రోజూ ఊరేగింపో, ధర్నానో ఉండేది. హాస్టళ్ల వైపు నుంచి బాష్పవాయువు పొగ వస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి కిటికీలు మూసి, చేతిరుమాళ్లు తడిపి కళ్లకు పెట్టుకునేవాళ్లు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. అంతగా అలవాటైపోయింది.

బయట ఉన్నది క్లాసులోకి రాకుండా ఉంటుందా? ఒకరోజు హాజరు పిలుస్తుంటే ఒకడు "ప్రెజెంట్ టీచర్" అనకుండా "జై తెలంగాణ" అన్నాడు. వారం తిరిగేసరికి సగం క్లాసు అదే జవాబు. మిగతా సగంలో కోస్తావాళ్ల పిల్లలు "జై సమైక్యాంధ్ర" అనడం మొదలుపెట్టారు. మా జిల్లా పిల్లవాడొకడు ఉండేవాడు, వాళ్ల నాన్న కూడా మా నాన్నలాగే యూనివర్సిటీ గుమాస్తా. వాడు లేచి నిలబడి, "నేను ఏమనల్ల టీచర్?" అని అడిగాడు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అందరినీ గుంజీలు తీయించాను. మర్నాడు ఇంకా గట్టిగా అరిచారు. బెంచీలు కూడా పంచుకున్నారు, కిటికీ వైపు వీళ్లు, గోడ వైపు వాళ్లు.

అప్పుడే మా పెద్ద మేడం ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చింది. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్ బెంచీలు గోడకు జరిపి అందరూ కింద గుండ్రంగా కూర్చోవాలంది. టీచర్ కూడా కిందే. ఒక వస్తువు చేతులు మారుతూ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. ఇష్టం లేకపోతే పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు, ఎందుకని అడగకూడదు. గొడవ జరిగితే ఎవరిది తప్పు, ఏం శిక్ష అని కాదు. ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, ఏం చేస్తే సర్దుకుంటుంది, ఇవే ప్రశ్నలు. ఇదేదో పంచాయితీ లాగుందే అన్నాను. పంచాయితీలో తీర్పు చెప్పడానికి ఒకరు మంచమెక్కి కూర్చుంటారు, ఇక్కడ మంచం లేదు, అదీ తేడా అంది ఆవిడ. గుంజీలకు కుదరని పిల్లలు దీనికి కుదురుతారా అని గొణుక్కుంటూ వెళ్లాను.

ఇంగ్లిషులో దానికి పొడుగాటి పేరుంది. పిల్లలు మాత్రం మొదటి వారమే గుండ్రం అన్నారు. చేతులు మారడానికి ఏ వస్తువు కావాలంటే, నా సొరుగులో ఉన్న టెన్నిస్ బంతి అడిగారు. క్లాసులో ఆడుతున్నారని నేనే లాక్కున్న బంతి అది. సరే కానీమన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చెవి మంచిదైతే ఎలా ఉంటుందో నాకు ఆ గుండ్రంలోనే తెలిసింది. మొదటి రెండు వారాలు ఇకఇకలు, పకపకలు. మూడో వారం ఒకడు బంతి పట్టుకుని, వాళ్లన్నకు లాఠీ దెబ్బ తగిలి చెయ్యి విరిగిందని, అన్నకు అన్నం తనే తినిపిస్తున్నానని చెప్పాడు. పక్కనున్న కోస్తా పిల్ల బంతి తీసుకుంది. బస్సులో తను నోరు తెరిస్తే ఎక్కడివాళ్లో తెలిసిపోతుందని, టికెట్ కూడా వాళ్లమ్మ చేత అడిగిస్తోందని చెప్పింది. అవతలి సగం పిల్లలు ఆ పిల్ల వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నాలుగేళ్లుగా ఒకే క్లాసులో ఉన్నారు వాళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

హాజరు గొడవ వాళ్లే తీర్చుకున్నారు. జై ఏదీ వద్దు, ప్రెజెంటూ వద్దు, పొద్దున ఏం తిన్నామో చెబుదాం అన్నారు. నేను నెత్తి కొట్టుకున్నాను. కానీ మర్నాటి నుంచి నా క్లాసులో హాజరంటే పండగే. ఉప్మా టీచర్, చపాతీ టీచర్, రాత్రన్నం టీచర్. మా జిల్లా పిల్లవాడు ఉగ్గాని అంటే అదేమిటని అందరూ వెనక్కి తిరిగారు. బొరుగులతో చేసుకునే ఉప్మా లాంటిది లెండి, మా వైపు పొద్దున అదే. రెండు రోజులకు వాడు డబ్బా నిండా తెచ్చాడు, అది గుమ్మం దాటకుండానే ఖాళీ. ఇంకొకడు రోజూ ఛాయ్ టీచర్ అనేవాడు. నాలుగు రోజులు విన్నారు. ఐదో రోజు నుంచి వాడి బెంచీలో ఎవరో ఒకరి టిఫిన్ డబ్బా ఉండేది. నేను చెప్పలేదు, వాళ్లూ చెప్పుకోలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్పలేనిది వాళ్లు ఒకరికొకరు నేర్పుకున్నారు. నా జీవితంలో మళ్లీ కావాలనిపించే రోజులు ఏవంటే అవే.

ఇంత జరుగుతున్నా ఆ పిల్ల హాజరుకు చెయ్యి ఎత్తేదంతే. గుండ్రంలో బంతి వస్తే ఒక్క క్షణం ఒళ్లో పెట్టుకునేది, పక్కకు ఇచ్చేసేది. ప్రతి శుక్రవారం నా చూపు ఆ బంతి వెంటే తిరిగేది. ఈసారైనా మాట్లాడుతుందేమోనని ఎదురుచూసేదాన్ని. పంతం ఎప్పుడు పోయిందో, దాని చోట బెంగ ఎప్పుడు వచ్చి కూర్చుందో నాకే తెలియదు. ఎవరికి నొప్పి కలిగింది అని వారం వారం అందరినీ అడుగుతున్నాను. గురివింద గింజ తన నలుపు ఎరగదన్నట్టు, నా సంగతి నాకు పట్టలేదు.

ఒక గురువారం ఆ పిల్ల స్టాఫ్ రూము నుంచి నోట్‌బుక్కుల దొంతర మోసుకొస్తోంది. క్లాసు తలుపు వానకు ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. లోపల ఉన్న మా జిల్లా పిల్లవాడు సాయం చేద్దామని, "తలుపు దొబ్బు, దొబ్బు" అని కేకేశాడు. మా సీమలో దొబ్బడమంటే నెట్టడం. బంగారం లాంటి మాట. హైదరాబాదులో అది నోట పలకరాని తిట్టు. ఆ పిల్ల తలుపును భుజంతో నెట్టింది, నోట్‌బుక్కులు కింద పడేసింది, నేరుగా వచ్చి వాడి చెంప మీద ఒక్కటి ఇచ్చింది. పెదవి చిట్లింది. కిటికీ సగం, గోడ సగం మళ్లీ రెండుగా చీలాయి. నేను వెళ్లేసరికి ఒకరి కాలర్లు ఒకరి చేతుల్లో ఉన్నాయి.

మర్నాడు గుండ్రంలో బంతి ముందు వాడికిచ్చాం. వాడు వాచిన పెదవితో, తమ ఇంట్లో ఆ మాటకు అర్థం నెట్టమనేనని, వాళ్లమ్మ రోజూ తలుపు దొబ్బు నాయనా అంటుందని చెప్పాడు. అంతే, క్లాసు పగలబడి నవ్వింది. రెండు సగాలూ కలిసి నవ్వాయి. వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు నవ్వుతున్నారు అని లేచాను. మా అమ్మ కూడా అదే అంటుంది, నవ్వండి చూద్దాం అన్నాను. ఒక ఊరి మాట ఇంకో ఊరి చెవికి వేరేగా తగిలితే తప్పు మాటది కాదు, చెవిది అన్నాను. అమ్మ దగ్గర నేర్చుకున్న మాటను చూసి నవ్వితే వాళ్లమ్మను చూసి నవ్వినట్టే అన్నాను. బాగా మాట్లాడానని నాకే అనిపించింది. కూర్చున్నాను.

అప్పుడు ఆ పిల్ల చెయ్యి చాపింది. వాడు బంతి ఇచ్చాడు. ముందు వాడితో, నాకు తెల్వక కొట్టిన, మాఫ్ చెయ్యి అంది. తర్వాత బంతి ఇంకా చేతిలోనే ఉంచుకుని నా వైపు తిరిగింది. ఎన్ని నెలలకో విన్న గొంతు.

"మరి నా మాట ఎట్ల తప్పయింది టీచర్? గీడ అని రాస్తే ఎర్రగ సున్న చుట్టిండ్రు. అందరు నవ్విండ్రు. మీరు గూడ నవ్విండ్రు. వానిది వాళ్ల ఊరి మాట అయితే, నాది గూడ మా అమ్మ మాటనే గద."

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అవునమ్మా, తప్పు నాదే, అంటే అయిపోయేది. నేను ఏమన్నానో చూడండి.

"అది వేరు, ఇది వేరు. వాడు మాట్లాడాడు, నువ్వు రాశావు. పరీక్షలో అలా రాస్తే మార్కులు వేసేది నేను కాదు."

"టీచర్, బాల్ మీ చేతుల లేదు" అన్నాడు ఎవడో. వెటకారం కాదు, నియమం గుర్తు చేశాడంతే. గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. అయినా టైమయింది, లేవండి, బెంచీలు సర్దండి అన్నాను. ఆ పిల్ల బంతి తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మతో చెప్పాను. చెప్పడం కూడా, పిల్లలకు ఎంత నోరు పెరిగిందో చూడు అన్నట్టే చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"ఈ ఊరొచ్చిన కొత్తలో బళ్లో నువ్వు నీళ్లు యాడుండాయి అంటే పంతులమ్మ నవ్విందని నాలుగు దినాలు అన్నం తినకుండా ఏడిస్తివి. మర్సిపోయినావా?"

మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను. అంత బాగా నేర్చుకున్నాను పుస్తకంలో మాట. అమ్మతో సీమ మాట, గడప దాటితే వేరే మాట. ఏ మాటకు సిగ్గుపడి దాచుకున్నానో ఆ సిగ్గునే తీసుకెళ్లి ఎర్ర సిరాతో ఇంకొక పిల్ల నోట్‌బుక్‌లో పెట్టాను. సోమవారం పొద్దున్నే వరండాలో ఆపి చెబుదామనుకున్నాను. కాదు, నవ్వింది అందరి ముందు కాబట్టి అందరి ముందే చెప్పాలి, శుక్రవారం గుండ్రంలో చెబుతాను అనుకున్నాను. ఆ నాలుగు రోజుల వాయిదాయే నన్ను ముంచింది.

ఆ శుక్రవారం రాలేదు. అంతకుముందే తెలంగాణ కోసం అందరూ సమ్మెలోకి దిగారు. ఆఫీసులు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. హాస్టళ్లు ఖాళీ చేయించారు, మెస్సులు మూతపడ్డాయి. వారాల తరబడి తార్నాక చౌరస్తాలో కూరగాయల బండ్లు తప్ప ఏమీ కదల్లేదు. బడి తెరిచిన రోజు హాజరు పిలిచాను. ఆ పిల్ల వంతు వచ్చినప్పుడు చెయ్యి లేవలేదు. మర్నాడూ లేవలేదు. మూడో రోజు ఆఫీసులో అడిగితే, బడి తెరిచిన రోజే తల్లి వచ్చి టీసీ తీసుకుపోయిందన్నారు. మెస్సు పని పోయాక ఈ ఊళ్లో ఏం తినాలి, సొంతూరికి వెళ్లిపోయారు.

అడిక్‌మెట్ వెళ్లాను. గదికి తాళం. ఓనరమ్మకు ఊరి పేరు కూడా సరిగా తెలియదు, బడి రిజిస్టరులోనూ ఈ గది చిరునామానే ఉంది. బడి తెరిచిన వారం శుక్రవారం గుండ్రంలో నేనే ముందు బంతి తీసుకున్నాను. ఆ పిల్ల అడిగిన దానికి జవాబు చెప్పాను, తప్పు నాదన్నాను, అందరూ శ్రద్ధగానే విన్నారు. పెదవి చిట్లిన మా జిల్లా పిల్లవాడు బంతి అందుకుని, "ఆ పాపకు సెప్పల్ల గదా టీచర్, మాకు సెప్పితే ఏమొస్తాది?" అన్నాడు.

తర్వాత పెద్ద మేడం బదిలీ అయింది. వచ్చిన ఆయన సిలబస్ వెనకబడుతోందని శుక్రవారం ఆఖరి పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేశాడు. తెలంగాణ వచ్చింది. వచ్చిన రోజు క్యాంపస్‌లో డప్పులు మోగుతుంటే నేనూ వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. రంగులు పూసుకుని ఎగురుతున్న ఆడపిల్లల్లో ఆ మొహం ఉందేమోనని వెతికాను. ఇప్పటికి పెద్దదై ఉంటుంది, కనిపించినా పోల్చలేనేమో అనుకున్నాను. మాట వింటే మాత్రం పోల్చుకుంటాను. అందుకే బస్సుల్లో, మెట్రో మొదలయ్యాక మెట్రోలో, వెనక సీటులో ఎవరైనా ఆడపిల్ల ఎరుకేనా అంటే తిరిగి చూసేదాన్ని. నేను సున్నాలు చుట్టిన మాటలే ఇప్పుడు సినిమాల్లో హీరోలు చెబుతున్నారు, జనం ఈలలు వేస్తున్నారు. అమ్మ కూడా పోయింది. ఇంట్లో సీమ మాట వినిపించడం మానేసింది. పొద్దున్నే టీ కప్పుతో బాల్కనీలో కూర్చుంటే ఆ వరండా, వెనకాల ఉరికొచ్చే ఆ చెప్పుల చప్పుడు, ఇవే గుర్తొచ్చేవి. ఒక్కసారి, ఒక్క పొద్దుటి పూట ఆ ముచ్చట వింటే చాలనిపించేది.

రిటైరైన రెండో ఏడు మా చెల్లెలి కూతురు కోచింగ్‌కని వస్తే తార్నాకలోనే ఒక లేడీస్ హాస్టల్‌లో చేర్చడానికి వెళ్లాను. వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ ఒకామె వచ్చి నా ముందు నిలబడింది. "టీచర్, గుర్తువట్టిండ్రా?" అంది. జుట్టు నెరిసింది, మనిషి చిక్కింది. ఆ పిల్ల తల్లి. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నీళ్లిచ్చింది, తన గదిలోకి తీసుకెళ్లి ఛాయ్ పెట్టింది.

ఊరికి పోయాక బిడ్డను గురుకుల హాస్టల్‌లో వేశానని, ఇంజినీరింగ్ చదివిందని, ఇప్పుడు మాదాపూర్ వైపు పెద్ద కంపెనీలో ఉద్యోగమని ఏకబిగిన చెప్పింది. వంటపని మానెయ్యమని బిడ్డ పోరు పెడుతోందట, ఊకె కూసుంటే కాళ్లు పట్టేస్తాయని ఈమె వినడం లేదట. అంతా చెప్పి, నా చేతులు పట్టుకుంది.

"మీ పుణ్యమే టీచర్. గిప్పుడు మా బిడ్డ ఎంత మంచిగ మాట్లాడ్తదో. అచ్చం మీ లెక్కనే. మా తీరుగ ఒక్క మాట రాదు."

ఆమె అప్పటికే ఫోన్ చేసేసి, ఎవరొచ్చిండ్రో చూడు బిడ్డా అని ఒక్క మాట చెప్పి, స్పీకర్ నొక్కి నా చేతికిచ్చింది.

"నమస్కారం టీచర్. ఎలా ఉన్నారు? ఆరోగ్యం బాగుంటోందా?" అంది అవతలి గొంతు. చక్కటి గొంతు. ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు. నేను నేర్పిన తెలుగు. పదేళ్లు వెతికిన గొంతు అది కాదు.

అయినా చెప్పాను. వాన గురించి నువ్వు రాసినదానికంటే మంచిది ఆ ఏడు ఎవరూ రాయలేదన్నాను. ఆ రోజు గుండ్రంలో అడిగావు గుర్తుందా, నీ మాట ఎప్పుడూ తప్పు కాదమ్మా, తప్పు నాది, నవ్వడం నా తప్పు అన్నాను. గుర్తుంది టీచర్ అంది. నీకు నేనేం చేస్తే సర్దుకుంటుందో చెప్పు అన్నాను.

"నాకేం వద్దు టీచర్. మీరు నవ్వినట్టే నేనూ మా అమ్మ మాట విని నవ్వాను. ఇంటర్‌లో ఉన్నప్పుడు, నా స్నేహితురాళ్ల ముందు. ఒక్కసారి కాదు. అప్పటి నుంచి నా స్నేహితులు ఎవరొచ్చినా అమ్మ లోపలే ఉండిపోతుంది, నోరు విప్పదు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. మీరు చెప్పండి టీచర్. మీరంటే అమ్మకు గురి."

ఆమె నా ఎదురుగా గడపలో కూర్చుని ఉంది. స్పీకర్‌లో అంతా వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరో తనను మెచ్చుకుంటున్నట్టు మొహమాటపడుతోంది. నేను ఆమె వైపు జరిగాను. మీ అమ్మాయికి నేను చేసింది అన్యాయమని చెప్పాను. మీ మాటలో తప్పు లేదు, అది మీ మాట, ఆ పిల్లకు మాట్లాడటం నేర్పింది మీరే, ఎవరి ముందైనా నిండుగా మాట్లాడండి అని చెప్పాను. నాకు తెలిసిన తెలుగంతా పెట్టి చెప్పాను.

ఆమె నవ్వింది. ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"ఊకోండ్రి టీచర్" అంది. "మాది గూడ ఒక మాటేనా."

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. అవతల ఆ పిల్ల వింటూనే ఉంది.